డెల్టా ఊళ్లలో ఫొటోలకు ఒక్క ఫ్లాష్: తక్కువ ఖర్చుతో ఆఫ్ కెమెరా లైటింగ్ అమర్చుకోవడం

గోదావరి డెల్టాలో ఆరుబయట మనుషుల ఫొటోలు తీసేవారికి ఒకే ఫ్రేములో రెండు వెలుగులు ఎదురవుతాయి. కొబ్బరి తోటలో నిలబడిన మనిషి ముఖం మీద ఆకుల సందుల్లోంచి జారిన మచ్చల వెలుగు ఉంటుంది, ఆ మనిషి వెనుక ఎండలో మెరిసిపోయే వరిచేను ఉంటుంది. ముఖానికి సరిపోయే ఎక్స్‌పోజర్ ఇస్తే చేను తెల్లగా పాలిపోతుంది, చేనుకు సరిపోయేది ఇస్తే ముఖం నల్లబడి కళ్లు గుంటల్లా కనిపిస్తాయి. ఎండలోని చేనుకూ తోట నీడకూ మధ్య మూడు నాలుగు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపో, సగమో అవుతుంది) తేడా ఉండడం ఇక్కడ మామూలే. అంటే నీడలోకి చేరేది ఎండలో ఎనిమిదో వంతో, పదహారో వంతో అన్నమాట.

కెమెరా నెత్తిన బిగించిన ఫ్లాష్ ఈ తేడాను కొంత పూడుస్తుంది గాని, వెలుగు సరిగ్గా ఎదురుగా వచ్చి పడడం వల్ల ముక్కు, చెంపల ఎత్తుపల్లాలు మాయమై, చెమట పట్టిన నుదురు మాత్రం మెరుస్తుంది. అదే ఫ్లాష్‌ను కెమెరా నుంచి విడదీసి, మనిషికి ఒక పక్కగా, తల కన్నా కొంచెం ఎత్తులో నిలబెట్టి, ముందు ఒక తెల్ల గొడుగు పెడితే, ముఖానికి ఒక వైపు వెలుగు, మరో వైపు మెత్తని నీడ ఏర్పడి మనిషి మనిషిలా కనిపిస్తాడు. దీనికి సినిమా యూనిట్ల సామగ్రి అక్కర్లేదు. ఒక్క చిన్న ఫ్లాష్ చాలు. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఎక్కువ శక్తి గల లైటు కోసం వెతకకుండా, చిన్న లైటునే మనిషికి దగ్గరగా, కదలకుండా, నొక్కిన ప్రతిసారీ తప్పకుండా వెలిగేలా చేసే వస్తువుల మీద ఖర్చు పెట్టాలని నా గట్టి నమ్మకం. కింద చెప్పేదంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

ఏవి కొనాలి, ఎందుకు కొనాలి

ఫ్లాష్ విషయంలో ఆటోమేటిక్ సదుపాయాలు లేని మాన్యువల్ స్పీడ్‌లైటు తీసుకోండి. గోడాక్స్ టీటీ600, యోంగ్నువో వైఎన్560-4 ఈ తరగతిలో చాలామంది వాడేవి. రెండూ నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తాయి, రెండింటిలోనూ రేడియో రిసీవర్ లోపలే ఉంటుంది కనుక విడిగా మరొకటి కొని తగిలించనక్కర్లేదు. వీటి పెట్టెల మీద ఫ్లాష్ బలాన్ని చెప్పే గైడ్ నంబరు ఒకదానికి 60 అనీ, మరొకదానికి 58 అనీ కనిపిస్తుంది. మొదటిది ఫ్లాష్ జూమ్‌ను 200 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి కొలిచినది, రెండోది 105 దగ్గర కొలిచినది. కాబట్టి ఈ అంకెలను పక్కపక్కన పెట్టి ఏది బలమైనదో తేల్చలేము. నిజానికి ఈ రెండింటి మధ్య శక్తిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నేనైతే టీటీ600 వైపే మొగ్గుతాను. దానికి తగిన ట్రిగ్గర్ ఉంటే అది హైస్పీడ్ సింక్‌లోనూ, అంటే మామూలు హద్దు దాటిన షట్టర్ వేగాల దగ్గరా వెలుగుతుంది, యోంగ్నువోకు ఆ వీలు లేదు.

పాత సామాన్ల దుకాణంలో ఫిలిం కాలపు ఫ్లాష్ కారుచవకగా దొరికితే తొందరపడి డిజిటల్ కెమెరా మీద పెట్టకండి. వాటిలో కొన్నింటి ట్రిగ్గర్ వోల్టేజి వందల వోల్టుల్లో ఉంటుంది, కెమెరా లోపలి సర్క్యూటు దాన్ని తట్టుకోలేదు.

ఫ్లాష్ కన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ట్రిగ్గర్ మీద. కెమెరా నెత్తిన ఫ్లాష్ తగిలించే గాడి, అంటే హాట్ షూ మీద కూర్చుని, రేడియో ద్వారా ఫ్లాష్‌కు సంకేతం పంపేది ఇదే. గోడాక్స్ ఫ్లాష్ తీసుకుంటే ఎక్స్2టీ వంటి గోడాక్స్ ట్రిగ్గర్, యోంగ్నువో తీసుకుంటే దాని వైఎన్560-టీఎక్స్ కొనాలి. ఒక సంస్థ ట్రిగ్గర్ మరో సంస్థ ఫ్లాష్‌తో మాట్లాడదు. ఎక్స్2టీలో కానన్, నికాన్, సోనీ, ఫూజీ కెమెరాలకు వేర్వేరు రకాలు ఉన్నాయి కాబట్టి పెట్టె మీద మీ కెమెరా పేరు చూసుకునే డబ్బు ఇవ్వండి. మరో ముఖ్యమైన సంగతి ఉంది. కానన్ 200డి 2, 3000డి వంటి కొన్ని తక్కువ ధర మోడళ్ల హాట్ షూలో నడిమి పిన్ను లేదు. సాధారణ ట్రిగ్గర్లన్నీ ఆ పిన్ను మీదే ఆధారపడతాయి, ఇలాంటి కెమెరా మీద అవి ఎంత నొక్కినా వెలగవు. మీది అలాంటి మోడల్ అయితే కెమెరాను దుకాణానికి వెంట తీసుకెళ్లి, ట్రిగ్గర్ దాని మీద పెట్టి, ఫ్లాష్ వెలగడం కళ్లారా చూసి కొనండి. రాజమండ్రిలోనో కాకినాడలోనో ఒక పూట పోయినా, పార్సిల్ తిప్పి పంపే బాధ ఉండదు.

మరో ఫ్లాష్ మెరుపును సెన్సర్‌తో పసిగట్టి వెలిగే ఆప్టికల్ స్లేవ్ పద్ధతితో ట్రిగ్గర్ ఖర్చు తప్పించుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. ఇంటి గదిలో అది పనిచేస్తుంది. బయట ఎండలో ఆ సెన్సర్‌కు చిన్న మెరుపు తెలియదు, పెళ్లిలో అయితే పక్కవాళ్ల ఫ్లాష్ వెలిగినప్పుడల్లా మీదీ వెలిగి బ్యాటరీ అయిపోతుంది. బయట పనికి రేడియో తప్పనిసరి.

తర్వాత స్టాండు. రెండు మీటర్లకు పైగా లేచే మామూలు లైటు స్టాండు సరిపోతుంది, మరీ పల్చని గొట్టాలున్నది మాత్రం వద్దు. స్టాండు మీద ఫ్లాష్‌నూ గొడుగునూ కలిపి పట్టే బ్రాకెట్టు ఒకటి కావాలి. ఫ్లాష్‌ను అడుగున ఉండే పాదం దగ్గర బిగించే రకం కన్నా, గోడాక్స్ ఎస్2 లాగా ఫ్లాష్ తలను చుట్టూ పట్టుకునే రకం మేలు. గాలికి స్టాండు ఊగినప్పుడు బరువంతా ఆ చిన్న ప్లాస్టిక్ పాదం మీద పడితే అది విరిగిపోతుంది. పైగా ఎస్2కు బోవెన్స్ మౌంట్ అనే బిగింపు ఉంటుంది కాబట్టి రేపు వెలుగును మెత్తబరిచే గుడ్డ పెట్టె, అంటే సాఫ్ట్‌బాక్స్ కొన్నా ఇదే బ్రాకెట్టు పనికొస్తుంది.

గొడుగు తెల్లది, వెలుగు లోపలి నుంచి దాటి వచ్చే రకం, మీటరు వెడల్పు ఉన్నది తీసుకోండి. నలుపు, వెండి రంగు గొడుగులు వెలుగును ఎక్కువగా తిప్పికొడతాయి గాని, తెల్ల గొడుగును మనిషి ముఖానికి మూరెడు దూరం దాకా తేవచ్చు. మెత్తని వెలుగు రహస్యమంతా ఆ దగ్గరతనంలోనే ఉంది. లైటు మనిషికి ఎంత పెద్దగా కనిపిస్తే నీడ అంచులు అంత మెత్తబడతాయి. మీటరు గొడుగు మీటరు దూరంలో ఉన్నప్పుడు మెత్తగా ఉంటుంది, అదే గొడుగు అయిదు మీటర్ల దూరం వెళితే దాదాపు వట్టి ఫ్లాష్ లాగే కటువుగా పడుతుంది.

బ్యాటరీల దగ్గర పిసినారితనం వద్దు. వాడి పారేసే పెన్సిల్ బ్యాటరీలు ఫొటోకూ ఫొటోకూ మధ్య ఫ్లాష్‌ను ఎక్కువసేపు కాయిస్తాయి. ఎనిలూప్ వంటి రీచార్జి చేసే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్‌కు వోల్టేజి 1.2 మాత్రమే అయినా, లోపలి నిరోధం తక్కువ కాబట్టి కరెంటును వేగంగా ఇస్తుంది, పూర్తి శక్తి తర్వాత కూడా రెండు మూడు సెకన్లలో ఫ్లాష్ సిద్ధమవుతుంది. నాలుగేసి సెల్స్‌ను ఒక జట్టుగా రబ్బరు బ్యాండు వేసి ఉంచండి. ఒక జట్టును ఎప్పుడూ కలిపే వాడాలి, కలిపే చార్జి చేయాలి. పాతదీ కొత్తదీ కలిపితే బలహీనమైన సెల్ మిగతా మూడింటినీ కిందికి లాగుతుంది. రెండు జట్లు, ఒక మంచి చార్జరు ఉంటే ఒక పూట పని నిశ్చింతగా సాగుతుంది.

చివరగా ఫ్లాష్ వెలుగును మంట రంగు వైపు మార్చే సీటీఓ అనే నారింజ రంగు జెల్ ముక్కలు, ఫుల్ ఒకటి, హాఫ్ ఒకటి. బహుమతులకు చుట్టే గ్లేజు కాగితాన్ని వీటికి బదులుగా వాడకండి, దాని రంగుకు లెక్క లేదు, ఫ్లాష్ వేడికి కరిగి అద్దానికి అంటుకుంటుంది కూడా. రిఫ్లెక్టరుకు మాత్రం డబ్బు పెట్టనక్కర్లేదు. పెళ్లి డెకరేషన్ సామాన్లు అమ్మే చోట దొరికే తెల్ల థర్మోకోల్ షీటు దానికన్నా బాగా పనిచేస్తుంది.

ఇవన్నీ కొత్తగా కొన్నా సుమారు 15,000 నుంచి 20,000 రూపాయల లోపు సరిపోతాయి. ఇందులో ఫ్లాష్ వాటా మూడో వంతుకు అటూ ఇటూ ఉంటుంది, మిగతాదంతా దాన్ని నిలబెట్టి వెలిగించే వస్తువులకే.

ముందు వెనుక వెలుగు, తర్వాత ముఖం

సామగ్రి వచ్చాక నేర్చుకోవలసిన క్రమం ఒకటే. మొదట ఫ్లాష్ ఆపేసి, వెనుక దృశ్యం ఎంత వెలుగుగా కనిపించాలో కెమెరాతో నిర్ణయించండి. ఆ తర్వాతే ఫ్లాష్ వెలిగించి, ముఖం ఎంత వెలుగుగా ఉండాలో ఫ్లాష్ శక్తితోనూ దూరంతోనూ నిర్ణయించండి. ఈ రెండింటినీ ఒకేసారి సవరించబోతే దేనివల్ల ఏది మారిందో తెలియక గందరగోళం పుడుతుంది.

కెమెరాను మాన్యువల్ మోడ్‌లో పెట్టండి. షట్టర్ స్పీడు చుట్టూ ఉన్న వెలుగును మాత్రమే మారుస్తుంది. ఫ్లాష్ మెరుపు సెకనులో అతి చిన్న భాగంలో ముగిసిపోతుంది కనుక షట్టర్ ఇంకెంతసేపు తెరిచి ఉన్నా ఫ్లాష్ వెలుగులో మార్పు ఉండదు. అపెర్చర్, ఐఎస్ఓ రెండు వెలుగులనూ కలిపి మారుస్తాయి. ఫ్లాష్ శక్తి, ఫ్లాష్ దూరం ముఖాన్ని మాత్రమే మారుస్తాయి. ఈ మూడు వాక్యాలు మనసుకు పట్టేదాకా ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి సాధన చేయడం మంచిది.

షట్టర్ స్పీడుకు ఒక హద్దు ఉంది. చాలా కెమెరాల్లో అది 1/200 లేదా 1/250, కొన్ని సోనీ మోడళ్లలో 1/160. అంతకన్నా వేగం పెంచితే మొదటి తెర పూర్తిగా తెరుచుకోకముందే రెండో తెర మూసుకోవడం మొదలుపెడుతుంది, ఫొటోలో ఒక అంచున నల్లటి పట్టీ వస్తుంది. రేడియో ట్రిగ్గర్ వల్ల సంకేతం ఒక్కోసారి రవ్వంత ఆలస్యమై 1/200 దగ్గరే సన్నని గీత కనిపిస్తే 1/160కి దిగండి. సోనీ, ఫూజీ వంటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో తెర మీద ఎక్స్‌పోజర్ ముందే చూపించే సదుపాయాన్ని ఆపివేయాలి, లేకపోతే ఫ్లాష్ వెలుగు లెక్కలోకి రాక వ్యూఫైండర్ చీకటిగా కనబడి ఫోకస్ చేయడమే కష్టమవుతుంది.

ఇక ఎండ లెక్క. నిర్మలమైన ఎండలో ఐఎస్ఓ 100 దగ్గర 1/100, ఎఫ్16 సరిపోతాయన్న పాత సూత్రం ఇప్పటికీ నిజమే. 1/200 దగ్గర అది ఎఫ్11 అవుతుంది. మన చిన్న ఫ్లాష్‌ను తెల్ల గొడుగు వెనుక పూర్తి శక్తితో వెలిగిస్తే మీటరు దూరంలో సుమారు ఎఫ్16 వెలుగు వస్తుంది. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి రెండు మీటర్ల దగ్గర అది ఎఫ్8కు దిగుతుంది. అంటే నడి ఎండలో ఎండకు సమానంగా వెలిగించాలంటే గొడుగు మనిషికి మీటరున్నర లోపలే ఉండాలి, అదీ పూర్తి శక్తితో. అందుకే ఈ సామగ్రితో నడి ఎండలో నిలబెట్టి తీయకండి. మనిషిని చెట్టు నీడలోకో చూరు కిందకో తీసుకురండి. అక్కడ మీకు కావలసింది ఎండ కన్నా ఒక స్టాపు తక్కువ వెలుగు మాత్రమే, అది పావు శక్తికే అందుతుంది.

ఈ దూరాల లెక్క ప్రతిసారీ తలలో వేయకుండా ఉండేందుకు ఒక తాడు చాలు. సన్నని నూలు తాడు ఒక కొనను స్టాండుకు, గొడుగు మధ్యభాగానికి సూటిగా కింద కట్టి, అక్కడి నుంచి 1 మీటరు, 1.4 మీటర్లు, 2 మీటర్లు, 2.8 మీటర్ల దగ్గర ముడులు వేయండి. పూర్తి శక్తితో ఆ ముడుల దగ్గర వరసగా ఎఫ్16, ఎఫ్11, ఎఫ్8, ఎఫ్5.6 వస్తాయి, పావు శక్తితో అయితే ఎఫ్8, ఎఫ్5.6, ఎఫ్4, ఎఫ్2.8. తాడును మనిషి గడ్డం దాకా లాగి ముడి చూసుకుంటే అపెర్చర్ తెలిసిపోతుంది. గొడుగు గుడ్డ మందాన్ని బట్టి, ఫ్లాష్ జూమ్‌ను బట్టి ఈ అంకెలు ఒక స్టాపు దాకా మారవచ్చు కనుక ముందుగా ఒక సాయంత్రం మీ గొడుగుతోనే పరీక్షించి, తేలిన అంకెను ప్రతి ముడికీ చిన్న చీటీ మీద రాసి కట్టుకోండి. ఫ్లాష్ జూమ్‌ను మాత్రం ఎప్పుడూ ఒకే చోట, గొడుగు అంచుల దాకా వెలుగు నిండేలా 24 లేదా 35 దగ్గర ఉంచాలి.

వెనుక నేపథ్యం మసకగా రావాలని ఎఫ్2.8 వాడాలనుకునేవారికి రెండు దారులున్నాయి. హైస్పీడ్ సింక్ ఒకటి. దీనిలో ఫ్లాష్ ఒక్క మెరుపుగా కాక సన్నని మెరుపుల వరసగా వెలుగుతుంది కనుక రెండు స్టాపులో, అంతకు మించో శక్తి పోతుంది, ఇంత చిన్న ఫ్లాష్‌కు అది పెద్ద నష్టమే. రెండోది లెన్సు ముందు మూడు స్టాపుల ఎన్‌డీ ఫిల్టరు. అది ఎండనూ ఫ్లాష్‌నూ సమానంగా తగ్గిస్తుంది కాబట్టి రెండింటి నిష్పత్తి చెదరదు. నా ఓటు ఫిల్టరుకే. కాలువ గట్ల దగ్గర పనిచేసేవారికి సర్క్యులర్ పోలరైజర్ ఉన్నా ఉపయోగమే, స్టాపున్నర వెలుగు తగ్గించడంతో పాటు నీటి మీది, తడి ఆకుల మీది తళుకునూ తుడిచేస్తుంది.

తోట, పొయ్యి, రేవు

కొబ్బరి తోటలో మొదట చేయవలసిన పని మనిషి ముఖం మీద ఎండ మచ్చలు పడని చోటు వెతకడం. ఫ్లాష్ ఎంత వేసినా నుదుటి మీద రూపాయి బిళ్లంత ఎండ మచ్చ ఉంటే అది తెల్లగానే మిగులుతుంది. చోటు దొరక్కపోతే సాయంగా వచ్చినవారిని థర్మోకోల్ షీటు మనిషి తలపైన ఎండకు అడ్డంగా పట్టుకోమనండి. తర్వాత ఐఎస్ఓ 100, 1/200, ఎఫ్8 పెట్టి ఒక ఫొటో తీస్తే వెనుక చేను కొద్దిగా వెలుగెక్కి, మనిషి నీడ బొమ్మలా వస్తాడు. ఇప్పుడు గొడుగును ముఖానికి మీటరు దూరంలో, కెమెరాకు నలభై అయిదు డిగ్రీల పక్కన, తల కన్నా జానెడు ఎత్తులో పెట్టి పావు శక్తితో వెలిగించండి. తోట నీడలో వెలుగు ఆకుల్లోంచి వడకట్టుకుని వస్తుంది కనుక చర్మం పచ్చగా కనిపిస్తుంది. గొడుగును దగ్గరగా పెట్టి ఫ్లాష్ వాటా పెంచినకొద్దీ ఆ పచ్చదనం ముఖం మీద నుంచి తొలగిపోతుంది, ఆకులు మాత్రం పచ్చగానే ఉంటాయి.

ఆత్రేయపురంలో పూతరేకులు వేసే ఇంట్లో తీయడం వేరే రకం పని. బోర్లించిన కుండ కింద మంట, కుండ వీపు మీద పల్చని బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను ఒక్కసారి అటు నుంచి ఇటు లాగడం, క్షణంలో ఎండిన రేకును రెండు చేతులతో ఎత్తడం. రేకు అందమంతా దానిలోంచి వెలుగు దాటి రావడంలో ఉంది. కెమెరా పక్క నుంచి ఫ్లాష్ వేస్తే అది తెల్ల కాగితం ముక్కలా కనిపిస్తుంది. కాబట్టి ఇక్కడ గొడుగు తీసేసి, ఫ్లాష్‌ను రేకులు వేసే ఆవిడ వెనుక ఒక పక్కగా, రేకు ఎత్తే ఎత్తుకు కాస్త పైన పెట్టి కెమెరా వైపు తిప్పండి. ఫ్లాష్ నేరుగా లెన్సులోకి కొట్టకుండా నల్ల చార్టు కాగితాన్ని గొట్టంలా చుట్టి దాని తలకు తొడగండి. 1/32 శక్తి నుంచి మొదలుపెట్టి చూడండి. హాఫ్ సీటీఓ జెల్ వేస్తే ఫ్లాష్ రంగు దాదాపు 3,800 కెల్విన్‌కు దిగి, పొయ్యి మంట పక్కన పరాయిగా అనిపించదు. మంట కూడా ఫొటోలో కనిపించాలంటే షట్టర్‌ను 1/60 దాకా తగ్గించవచ్చు, మంట ఎర్రదనం పెరుగుతుంది, రేకు వెలుగు మారదు. వెనుక నుంచి పడే వెలుగుకు పొగ కూడా పొరలు పొరలుగా కనిపిస్తుంది. ఆవిడ ముఖానికి ఎదురుగా థర్మోకోల్ షీటు నిలబెడితే అదే ఫ్లాష్ వెలుగు కొంత తిరిగి వచ్చి ముఖం మీద పడుతుంది. ఇరుకు వంటింట్లో స్టాండును, జెల్‌ను, షీటును మంటకు బాగా ఎడంగా ఉంచడం మరువకండి. అలాగే మెరుపు ఎటు నుంచి వస్తుందో ముందే చెప్పి, చేయి వేడి కుండ మీద ఉన్న సమయంలో ఆవిడ ఉలిక్కిపడకుండా ఒకటి రెండుసార్లు ఊరికే వెలిగించి చూపించాలి.

పాత మండువా ఇళ్లు దొరికితే అదృష్టమే. మండువాలోంచి పైనుంచి దిగే వెలుగు వెంట్రుకలను, భుజాలను తీర్చిదిద్దుతుంది, మనం ముఖానికి కొంచెం జోడిస్తే చాలు. ఫ్లాష్‌ను మనిషి వైపు కాక సున్నం వేసిన గోడ వైపు తిప్పితే ఆ గోడే పెద్ద గొడుగవుతుంది. నీలం, ఆకుపచ్చ రంగులు వేసిన గోడల జోలికి మాత్రం పోవద్దు, ఆ రంగు నేరుగా చర్మం మీదకు వస్తుంది.

సంధ్యవేళ రేవులో తీసే ఫొటోకు ఈ చిన్న ఫ్లాష్ చక్కగా సరిపోతుంది. వైనతేయ ఒడ్డున పడవ మీద గెడ పట్టుకుని నిలబడిన మనిషి, వెనుక వాలుతున్న సూర్యుడు అనుకోండి. ముందుగా ఫ్లాష్ లేకుండా ఆకాశం రంగు నిండుగా వచ్చేదాకా ఎక్స్‌పోజర్ తగ్గించండి. ఐఎస్ఓ 200, 1/200, ఎఫ్5.6 దగ్గర మొదలుపెట్టవచ్చు. కెమెరా వైట్ బ్యాలెన్స్‌ను ఎండ గుర్తు దగ్గర స్థిరంగా ఉంచి, ఫ్లాష్‌కు హాఫ్ సీటీఓ వేయండి. ఫ్రేములో సూర్యుడు ఏ పక్కన ఉన్నాడో ఆ పక్క నుంచే ఫ్లాష్ కూడా రావాలి, అప్పుడే ఆ వెలుగు పొద్దుదే అన్నట్టు ఉంటుంది. ఎడమన సూర్యుడు, కుడి నుంచి ముఖం మీద వెలుగు ఉంటే చూసేవారి కన్ను వెంటనే అనుమానిస్తుంది.

పొద్దు గుంకిన తర్వాత మన ప్రాంతంలో రంగు నిలిచేది ఇరవై నిమిషాలకు కాస్త అటూ ఇటూ మాత్రమే. ఆ కాసేపట్లో ఫ్లాష్‌ను ముట్టుకోకండి, అపెర్చర్‌నూ ముట్టుకోకండి. ఆకాశం చీకటి పడుతున్నకొద్దీ షట్టర్‌ను మాత్రం 1/200 నుంచి 1/100కి, అక్కడి నుంచి 1/50కి దించుతూ పోతే ముఖం అదే వెలుగులో ఉంటుంది, ఆకాశం కూడా నిలుస్తుంది. 1/30 కన్నా దిగితే పడవ కదలికకు మనిషి అంచుల చుట్టూ మసక వస్తుంది. అప్పుడు ఐఎస్ఓను రెట్టింపు చేసి, ఫ్లాష్ శక్తిని సగానికి తగ్గించండి. పడవలోని పెద్దాయనకు "గడ్డం ఎత్తండి, కుడికి తిరగండి" అని వరస ఆజ్ఞలు ఇచ్చే బదులు "బాబాయ్ గారూ, ఓసారి ఆ తెల్ల గొడుగు వైపు చూడండి" అంటే ముఖం తనంతట తానే వెలుగులోకి తిరుగుతుంది.

ధనుర్మాసపు మంచు ఉదయాలకు ఒక జాగ్రత్త ఉంది. ఫ్లాష్ కెమెరాకు దగ్గరగా ఉంటే వెలుగు మంచు బిందువుల మీద పడి తిరిగి వచ్చి, ఫొటో అంతా పాలు పోసినట్టు తేలిపోతుంది. ఫ్లాష్‌ను మనిషికి బాగా పక్కగానో, కొంచెం వెనుకగానో పెడితే అదే మంచు వెలుగు తెరలా మారుతుంది.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం వంటి జనసందోహంలో స్టాండు తెరవనే కూడదు. సాయంగా వచ్చినవారి చేతికి మోనోపాడ్‌నో సన్నని వెదురు గడనో ఇచ్చి, దాని చివర ఫ్లాష్ బిగించి, గొడుగు లేకుండా పైనుంచి వాల్చి పట్టుకోమనండి. ప్రభ మోసేవారి కళ్లలోకి మెరుపు కొట్టకూడదు. చేను గట్ల మీద, కాలువలో బరువుతో అడుగు వేస్తున్న మనిషికి అర క్షణం కళ్లు చీకట్లు కమ్మినా ప్రమాదమే. పక్కవాళ్లు కూడా అదే సంస్థ ట్రిగ్గర్ వాడుతుంటే ఒకరి ఫ్లాష్ మరొకరికి వెలుగుతుంది కనుక చానల్ నంబరు మార్చుకోండి. గుడి ఆవరణలో ఏది తీయవచ్చో అర్చకులను, నిర్వాహకులను అడిగి తెలుసుకున్నాకే సంచి తెరవాలి. ఎడ్లు, గేదెలు ఉన్న చోట మొదటి మెరుపు దూరం నుంచి తక్కువ శక్తితో వేసి, అవి బెదరడం లేదని చూసుకున్నాకే దగ్గరకు వెళ్లాలి.

గాలి, బురద, ఉప్పు

అంతర్వేది, ఓడలరేవు వైపు మధ్యాహ్నం తర్వాత సముద్రం మీది నుంచి వీచే గాలి గొడుగుతో సహా స్టాండును ఎత్తి పడేస్తుంది. ఖాళీ సంచి ఒకటి వెంట తీసుకెళ్లి అక్కడి ఇసుకే నింపి, స్టాండు కాళ్ల మధ్య, నేలకు ఆనీ ఆనకుండా వేలాడదీయండి. స్టాండు కాళ్లలో ఒకదాన్ని గొడుగు వంగే దిశలోకి తిప్పి పెట్టాలి. అయినా గాలి పెరుగుతుంటే గొడుగు మూసేసి, ఒక మనిషి చేతికి స్టాండు అప్పగించి, వట్టి ఫ్లాష్‌తోనే పని ముగించడం ఉత్తమం. వట్టి ఫ్లాష్ కటువుగా ఉంటుంది గాని, జాలరుల ముఖాలకు, ఎండకు కాగిన చేతులకు ఆ కటువుదనం నప్పుతుందని నా అభిప్రాయం.

చేను గట్టు మీద, లంక బురదలో స్టాండు కాళ్లు దిగబడి లైటు నెమ్మదిగా ఒరిగిపోతుంది. ఒక్కో కాలి కింద ఇటుక ముక్కో, కొబ్బరి చిప్పో పెడితే బరువు పరుచుకుని నిలుస్తుంది. జల్లు మొదలైతే ఫ్లాష్‌కు పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి తొడిగి కింద రబ్బరు బ్యాండు వేయవచ్చు, కాకపోతే వేడి బయటికి పోదు కాబట్టి వరసగా పూర్తి శక్తితో వెలిగించవద్దు. ఫ్లాష్ వెలగడం ఉన్నట్టుండి మానేస్తే ముందు ట్రిగ్గర్ బ్యాటరీలు చూడండి, తర్వాత ట్రిగ్గర్‌లోనూ ఫ్లాష్‌లోనూ చానల్, గ్రూపు కలిశాయో లేదో చూడండి. గొడుగు కెమెరాకు బాగా దగ్గరగా ఉన్నప్పుడు సంకేతం తప్పుతుంటే ఎక్స్2టీ మెనూలో దూరం 0 నుంచి 30 మీటర్లు అనే ఎంపిక ఉంది, దానికి మార్చండి.

ఏసీ కారులోంచి సామగ్రిని ఉన్నపళంగా మన ఉక్కపోతలోకి తీస్తే లెన్సు మీద, ఫ్లాష్ అద్దం లోపల తేమ పేరుకుంటుంది. సంచి మూసి ఉంచే పావుగంట నుంచి అరగంట బయట కూర్చోనిచ్చి తర్వాత తెరవండి. సముద్రం దగ్గర నుంచి ఇంటికి చేరిన రాత్రే స్టాండు గొట్టాలన్నీ బయటికి లాగి, కొంచెం తడి చేసిన గుడ్డతో ఉప్పు తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టాలి. ఫ్లాష్‌లోంచి, ట్రిగ్గర్‌లోంచి బ్యాటరీలు తీసివేసి, హాట్ షూ పిన్నులను పొడిగుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. వానాకాలంలో ఆ పొట్లాలను తరచూ ఆరబెట్టాలి.

రెండో ఫ్లాష్ కొనాలన్న కోరిక కొద్ది రోజులకే పుడుతుంది. దానికన్నా ముందు మరో జట్టు బ్యాటరీలు, ఎన్‌డీ ఫిల్టరు సమకూర్చుకోండి. రేవులోనూ తోటలోనూ ఎక్కువగా పనిచేస్తూ శక్తి చాలడం లేదని తరచూ అనిపిస్తే, రెండో చిన్న ఫ్లాష్‌కు పెట్టే డబ్బును దాచుకుని గోడాక్స్ ఏడీ200 వంటి లిథియం బ్యాటరీ లైటుకు వెళ్లండి. అది మీ పాత ట్రిగ్గర్‌తోనే, అదే ఎస్2 బ్రాకెట్టు మీదే పనిచేస్తుంది. టీటీ600ను అప్పుడు వెనుక నుంచి వెంట్రుకల అంచు వెలిగించడానికి వాడుకోవచ్చు.